బల్లచప్పుడు

సముద్రం అయిపోయింది. నూకరత్నం ఖాళీ సీసాను గొట్టం నుంచి తిప్పి ఊడదీసి, కొత్త సముద్రాన్ని బిగించి, మీట నొక్కి ఒక్క పీల్పు బయటికి వదిలింది. నిమ్మతొక్క, పుదీనా, అప్పుడే ఉతికి ఆరేసిన తువ్వాలు. కుదుపులతో, వాసనలతో సినిమా చూపించే ఈ అనుభవశాలలో సముద్రమంటే అదే వాసన. మొదట్లో అసలు సముద్రాన్నే పెట్టారట: ఎండుచేప, డీజిలు, నాచు, వలలో చిక్కి కుళ్లిన పీత. ప్రేక్షకులు ముక్కులు మూసుకుంటున్నారని ఆట నడిపే యంత్రం, సూత్రధారి, పసిగట్టింది. దాంతో సముద్రానికి తలంటి పోశారు.

ఆమె మోచేతి మడతలో ముక్కు పెట్టి సొంత చర్మాన్ని వాసన చూసుకుంది. ఆటకు ముందు వాసననీ కుదుపునీ సరిచూసే శ్రుతికారులందరూ చేసే పనే అది. ఒక వాసనకీ మరో వాసనకీ మధ్య ముక్కును ఇంటికి తెచ్చుకోవాలి. చేపలరేవులో పుట్టిన మనిషి ఈ ఉద్యోగంలో చేరాక చేప ముట్టడం మానేసింది. తలకు నూనె లేదు, జడలో పువ్వు లేదు, కూరలో వెల్లుల్లి లేదు. ఇంత వ్రతం ఎందుకంటే, నిమ్మతొక్క సముద్రం సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి. తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

"ఓలమ్మ, ఇటు రాకే రత్నం, జారిపోతావు," అంది కాసులమ్మ మూడో వరుస కుర్చీల కింద నుంచి. ఆట అయ్యాక శాల కడిగే మనిషి ఆమె. "ఈ వరసోళ్లు నిండా కక్కీసినారు. కక్కీసి ఏటన్నారో తెలుసా? మళ్లీ రేపొస్తామన్నారు."

"ఏ ముక్క కాడ?"

"ఇంకే ముక్క? ఆ గుంటడు మునిగే ముక్క. నీ సూత్రధారి ఆడ్ని మళ్లీ మళ్లీ ముంచీసినాది ఇయ్యాల. జనం ఈలలు!"

నూకరత్నం ఖాళీ సీసాను పెట్టెలో పడేసింది. సూత్రధారి తప్పేమీ లేదు, దానికి నేర్పిన విద్యే అది. ప్రతి కుర్చీలోనూ కూర్చున్నవాడి గుండె, చెమట, కాలి వణుకు దానికి అందుతాయి. రక్తి పండిన చోట మళ్లింపు వేస్తుంది. జనం అడిగినన్నిసార్లు అదే ముక్క తిరిగి వస్తుంది. రక్తి తగ్గితే విసుగుకోత వేసి ముందుకు దూకుతుంది. ఒక శాలలో పండిన రక్తిని అదే ఆటలో కోస్తా పొడుగునా ఉన్న శాలలన్నిటికీ పంచుతుంది. పండుతుండగా మధ్యలో మనిషి చెయ్యి పెడితే మాత్రం ఒప్పుకోదు. "జనం అడిగిందే పెడుతున్నాం," అంటాడు మేనేజరు ఉమాపతి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇక్కడి విశేషమేమిటంటే, ఎలుక ఎప్పుడో చచ్చిపోయింది, అయినా చెలగాటం ఆగలేదు.

ఎందుకంటే ఈ కుర్చీల కదలిక కల్పించినది కాదు. సముద్రం మీదికి పోయే ప్రతి కలాసీ ఎదకూ ఊపిరిపట్టీ ఉండాలని చట్టం. మనిషి తప్పిపోతే వెతకడానికని పెట్టారు. ఒళ్లు ఎటు ఒరిగింది, ఎంత వణికింది, గుండె ఎలా కొట్టుకుంది, అన్నీ అందులో పడతాయి. మనిషి పోయాక ఆ దేహపత్రం విచారణకు వెళుతుంది. విచారణ ముగిశాక సినిమాకు వెళుతుంది. పేరు తీసేసి అంకె వేస్తారు. ఇప్పుడు ఆడుతున్న చిత్రంలో కుర్చీలను ఊపేది ఏడో దేహం. టిక్కెట్ల కిటికీ దగ్గర జనం చిత్రం పేరు కూడా చెప్పరు. "ఏడో దేహానికి రెండివ్వండి" అంటారు, ఇడ్లీ అడిగినట్టు.

నూకరత్నం తమ్ముడు పోలిరాజు కలాసీయే. కిందటేడు పెద్ద తుపానులో అతని బోటు బోల్తా పడింది. ఆ సాయంత్రానికే వెతకడం ఆపేశారు. "తిరగబడిన క్షణంలోనే పోయాడమ్మా, బాధ పడలేదు," అన్నారు విచారణవాళ్లు. ఆ ఒక్క మాటను పట్టుకునే నూకరత్నం, ఆమె మరదలు సన్యాసమ్మ ఇన్నాళ్లుగా అన్నం తింటున్నారు. ఆ తుపానులో ఎన్నో బోట్లు పోయాయి. ఏడో దేహం ఎవరిదో నూకరత్నం ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే ఈ ఉద్యోగానికి మొదటి అర్హత. పైగా ఏడో దేహం చాలాసేపు కొట్టుకుంది. తమ్ముడేమో క్షణంలో పోయాడు. కాబట్టి ఇది తమ్ముడు కాదు. ఆమె ధైర్యమంతా ఆ లెక్కలోనే ఉంది.

ఉమాపతి శాలలోకి వస్తూనే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకా కడగలేదా? మధ్యాహ్నం ఆటకి పెద్దవాళ్లొస్తున్నారు. రత్నం, నీకు పనుంది. ఈ ఆట 'పూర్తి దేహం'. అవతలి శాలవాళ్లు ఒక మనిషిని ఆఖరు దాకా చూపిస్తున్నారట. మనమింకా కొట్టుకోవడం దగ్గరే ఆపేస్తున్నాం."

"ఆఖరు దాకా అంటే?"

"నిశ్చలం దాకా. గుండె ఆగిన చోట కుర్చీ ఆగాలి. గాలి, నీళ్లు, వాసన, అన్నీ ఒక్కసారే ఆగాలి. అదీ అనుభవం." అతను చేతిలోని పలకను ఆమెకు ఇచ్చాడు. "అసలు దేహపత్రం మొత్తం తెప్పించాను. బోటు బోర్లా పడ్డాక మనిషి దాని కిందే గాలి ఉన్న చోట ఉండిపోయాడు. ఇక అంతా చీకటి. సినిమావాళ్లు అక్కడ 'ఏమీ జరగదు' అని రాసి పక్కన పడేశారు. అదంతా తీసెయ్యి. ఆఖరి ముక్క తెచ్చి ఇక్కడ అతికించు. ఆ కుదుపు దోషం దాన్నిండా ఉంది, ఎలాగూ నువ్వు చెరిపేదే కదా."

కుదుపు దోషం ఆమెకు పాత చుట్టమే. చిత్రం విడుదలైన రోజునే, వెనక కుర్చీవాళ్లు కాలితో తంతున్నారని ప్రేక్షకులు గోల పెట్టారు. తంతున్నది ఎవరూ కాదు. కదలికపత్రంలో బోటు తిరగబడే ముక్క చివర ఎర్రగా, ముళ్లలా కొన్ని గీతలు ఉండేవి. తెర మీద ఏమీ కనిపించని చోట కుర్చీ ఎందుకు కుదపాలి? పట్టీ చెడి ఉంటుందనుకుని, నూకరత్నం ఆ ముళ్లను బొటనవేలితో పలక మీదే రుద్ది చెరిపేసింది. కొత్త ప్రతి వచ్చినప్పుడల్లా మళ్లీ చెరిపేది. చెరిపిన తరవాతే శ్రుతికుర్చీలో కూర్చుని చూసేది. దోషాన్ని ఒంటి మీదికి తెచ్చుకోవడమెందుకు?

ఈసారి పత్రం కొత్తది. సినిమావాళ్లు సరిచూసి పంపని పత్రాన్ని చెరపకముందు ఒకసారి ఒంటితో చూడాలన్నది నియమం. ఆమె పైన ఉన్న గదిలోకి వెళ్లి శ్రుతికుర్చీలో కూర్చుని, పట్టీ బిగించుకుని, దీపం ఆర్పింది.

తుపాను ముక్కలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కుర్చీ ఎడమకి ఒరిగింది, ఎగిరింది, తలకిందులైనట్టు వెనక్కి విరిగింది. అక్కడితో తెలిసినది అయిపోయింది. తరవాత కుర్చీ నెమ్మదించింది. వీపు ఆనిన మెత్త ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. భయపడిన మనిషి ఊపిరిని ఒద్దికగా దాచుకుని దాచుకుని పీలుస్తున్నట్టు ఉంది.

అప్పుడు పాదాల కింద బల్ల చప్పుడైంది. రెండు. ఆగి, ఒకటి.

నూకరత్నం మడమ లేచి అదే బల్ల మీద కొట్టింది. ఒకటి. ఆగి, రెండు.

కొట్టాక గాని తను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు.

మంచు పట్టిన తెల్లవారుజామున బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా వాళ్ల రేవులో పెట్టుకున్న పద్ధతి అది. మడమతోనో తెడ్డుతోనో బల్ల మీద కొట్టాలి. ఇంటికో చప్పుడు. విన్నవాడు తిరగేసి కొట్టాలి, పగవాడైనా సరే. బల్లచప్పుడుకి బదులియ్యనోడికి రేవు లేదంటారు వాళ్ల ముసలివాళ్లు. రెండు, ఆగి ఒకటి: అది తమ ఇంటిది, మైలపల్లివారి చప్పుడు. పోలిరాజు చిన్నప్పుడు ఆలస్యంగా ఇంటికొస్తే తండ్రికి తెలియకుండా గోడ మీద అలాగే కొట్టేవాడు. లోపలినుంచి తను తిరగేసి కొట్టి తలుపు తీసేది.

మళ్లీ వచ్చింది. రెండు, ఆగి ఒకటి. వింటున్నాడేమో అన్నంత సేపు నిశ్శబ్దం. మళ్లీ రెండు, ఆగి ఒకటి. బోర్లా పడ్డ బోటు కింద, చీకట్లో, నడుం లోతు నీళ్లలో నిలబడి తమ్ముడు బోటు బల్లను కొడుతున్నాడు. పైన ఎవరైనా ఉంటే వింటారని. విన్నవాళ్లు బదులిస్తారని. ఆమె పత్రాన్ని ముందుకు జరిపింది. సాయంత్రం కొడుతున్నాడు. వెతకడం ఆపేసిన వేళకి కొడుతున్నాడు. రాత్రి కొడుతున్నాడు. మర్నాడు పొద్దెక్కాక కూడా కొడుతున్నాడు, నెమ్మదిగా, కానీ వరస తప్పకుండా. అంతా ఎర్రటి ముళ్లు. ఆ ముళ్లనే ఆమె బొటనవేలితో రుద్దింది.

ఆమె అలవాటుగా మోచేతి మడతలో ముక్కు పెట్టుకుంది. సొంత చర్మం కూడా నిమ్మతొక్క వాసన వేసింది.

ఉమాపతి తన గదిలో చెగోడీలు తింటున్నాడు.

"ఏడో దేహం మా తమ్ముడండి," అంది నూకరత్నం.

అతను నమలడం ఆపాడు. "ఏ దేహం ఎవరిదని మనం అడగం రత్నం."

"నానడగలేదు. ఆడే సెప్పినాడు." కోపంలో ఆమెకు రేవు మాట వచ్చేసింది. "క్షణంలో పోనాడన్నారు మాతోటి. మర్నాటి దాకా బతికున్నాడు. బల్ల కొడతన్నాడు. మీకు తెలుసా?"

"అందరికీ తెలుసమ్మా. పత్రం ఉంది కదా." అతను చేతులు దులుపుకున్నాడు. చెడ్డవాడిలా కనిపించలేదు, అదే అసహ్యం. నిజంగానే జాలిగా చూస్తున్నాడు. "క్షణంలో పోయాడంటే ఇంట్లోవాళ్లకి కాస్త శాంతి. అలా అనడం మామూలే. ఇప్పుడు తెలిసి చేసేదేముంది చెప్పు? నువ్వు ఇంటికెళ్లు. ఆట నేను చూసుకుంటా."

"ఆట ఆపండి."

"ఇక్కడ ఆపితే అవతల ఆడుతుంది. ప్రతులు అన్ని శాలలకీ వెళ్లిపోయాయి." అతను గొంతు తగ్గించాడు. "నీ తమ్ముడు కాబట్టి గౌరవంగా చేద్దాం. నిశ్చలం దగ్గర మల్లెపూల వాసన వేయిస్తాను. ఎవరూ కాదనరు."

ఆమె అతని మొహం మీద ఉమ్మలేదు. ఉమ్మి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం, "నేనే నడుపుతానండి," అని పైకి వెళ్లిపోయింది. ఉమాపతికి గుండె కుదుటపడింది. మల్లె సీసా పంపించాడు.

మధ్యాహ్నానికి శాల నిండింది. పెద్దవాళ్లన్నాడు గాని, వాళ్లూ ముక్కు, నోరు ఉన్నవాళ్లే. పట్టుచీరలు తడవకుండా ఒంటినిండా పారదర్శకపు తొడుగులు వేసుకున్నారు. తడవకుండా మునగాలి, అదీ ముచ్చట. ఒకావిడ పక్కావిడతో, "నాకు మొన్న ఎనిమిదో దేహం అస్సలు నచ్చలేదండీ, మరీ త్వరగా పోయాడు," అంటోంది. ముందు వరుసలో బొజ్జాయన పట్టీ సడలించుకుంటూ, తన కుర్చీని కాస్త గట్టిగా ఊపమని చెప్పి పంపాడు. ఎవరి ఒళ్లో చూసినా జీడిపప్పు పొట్లం.

ఆట మొదలైంది. గాలి కొట్టింది, నీళ్లు చిమ్మాయి, పుదీనా సముద్రం శాలంతా పరుచుకుంది. బోటు తిరగబడినప్పుడు జనం కెవ్వుమని, తరవాత ఆనందంగా నవ్వారు. తెర చీకటైంది. నూకరత్నం ఏమీ చెరపలేదు. ఏమీ అతికించలేదు. మల్లె సీసా మూత తియ్యలేదు.

కుర్చీల వీపులు ఊపిరి పీల్చడం మొదలుపెట్టాయి. కాసేపటికి అన్ని పాదాల కిందా ఒక్కసారే చప్పుడైంది. రెండు, ఆగి ఒకటి.

"ఏంటిది?" అన్నారెవరో. "కుర్చీ పాడైనట్టుంది." మళ్లీ వచ్చింది. పొట్లాలు గలగలలాడాయి, ఎవరో ఆవులించారు. రక్తి పడిపోతున్నట్టు పలక మీద కనబడుతోంది. అది ఇంకాస్త పడితే విసుగుకోత పడుతుంది. సూత్రధారి ఆ రాత్రినీ ఆ పొద్దునూ మింగేసి, నేరుగా తమ్ముడి గుండె ఆగిన చోటికి దూకుతుంది. దానికి చావు ఎక్కడుందో తెలుసు. జనానికి అదే కావాలనీ తెలుసు.

"రత్నం!" గోడమీది గొట్టంలో ఉమాపతి గొంతు. "ఆ చప్పుడు తియ్యలేదేం? కోత పడనీ, చెయ్యి పెట్టకు!"

ఆమె పలకను బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి శాలలోకి వచ్చింది. మూడో వరుస చివర కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. పొద్దుటి వాంతి కంపు ఇంకా వదల్లేదని దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆ కంపు ఆమెకు మేలనిపించింది. ఈ శాల మొత్తంలో అబద్ధం చెప్పని వాసన అదొక్కటే. ఆమె కూర్చుని పట్టీ బిగించుకుంది. చెప్పులు వదిలేసింది.

రెండు. ఆగి, ఒకటి.

మడమ ఎత్తి బలంగా కొట్టింది. ఒకటి. ఆగి, రెండు.

ఆమె గుండె ఎలా కొట్టుకుందో, ఒళ్లు ఎంత వణికిందో కుర్చీకి అందింది. నిశ్చలం అంచున ఉన్న సూత్రధారి ఆగింది. ఇన్ని ఆటల్లో ఏ కుర్చీలోనూ దానికి ఇంత రక్తి దొరకలేదు. దానికి నేర్పిన విద్యనే అది చేసింది. కోత ఎత్తేసి మళ్లింపు వేసింది. తమ్ముడు మళ్లీ కొట్టాడు, ఆమె మళ్లీ బదులిచ్చింది. సూత్రధారి ఆ రక్తిని శాల అంతటికీ పంచింది. ఇప్పుడు ప్రతి కుర్చీ కిందా రెండు చప్పుళ్లు: అడిగేది ఒకటి, బదులిచ్చేది ఒకటి.

"ఏంటండీ ఇది? ఎంతసేపు?" పక్క కుర్చీ ఆయన జీడిపప్పు నోట్లో వేసుకుంటూ ఆమె వైపు వంగాడు. "ఇంకా చావడేంటి వీడు?"

"సావడు," అంది నూకరత్నం అతని వైపు చూడకుండా. "నాను బదులిస్తన్నాను కదా."

అతను కాళ్లు పైకి ముడుచుకున్నాడు. వెనక వరుసల్లో కొందరు పట్టీలు విప్పుకుని లేచారు. ఒకావిడ డబ్బులు వెనక్కి ఇమ్మని అరుస్తోంది. ఉమాపతి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే పైన మీటలన్నీ లాగి చూశాడట, రక్తి పండుతుండగా సూత్రధారి అతని చేతిని ఒప్పుకోలేదు. ఇన్నాళ్లూ అతను గొప్పగా చెప్పుకున్న నియమమే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

"లే రత్నం! నీ కాళ్లు పట్టుకుంటా, లే. అన్ని శాలలకీ వెళ్లిపోతోంది!"

"ఎల్లనీండి."

అప్పుడు తలుపు దగ్గర కాసులమ్మ కనిపించింది. ఒక చేతిలో నేల తుడిచే కర్ర, ఇంకో చేతిలో ఉమాపతి గది ఫోను. వస్తూ వస్తూ మోగుతుంటే ఎత్తిందట.

"రేవు కాడ చౌక శాలోళ్లు మాటాడతన్నారు," అంది, అందరికీ వినబడేలా. "అక్కడ జనం లేచి నిలబడి బల్లలు కొడతన్నారట. ఎవులూ కూకోడం లేదట. మైలపల్లోళ్ల చప్పుడు కదా ఇది, ఆ గుంటడు క్షణంలో పోనాడని ఎవులు సెప్పినారు, పిలవండాల్ని అంటన్నారట. పోలిరాజు పెళ్లాం కూడా వొచ్చిందట. ఏటి సెప్పమన్నారు బావూ?"

ముందు వరుస బొజ్జాయన, "లైట్లు వెయ్యండయ్యా!" అని కేకేశాడు. ఎవరూ వెయ్యలేదు. అతని కాళ్ల కింద కూడా చప్పుడైంది. రెండు, ఆగి ఒకటి.

నూకరత్నం బదులిచ్చింది. మడమ చీరుకుపోయి బల్ల మీద తడి తగులుతోంది. ఎంతసేపు కొట్టగలదో ఆమెకు తెలియదు. తమ్ముడు మర్నాటి దాకా కొట్టాడు. తనూ కొడుతుంది. అలిసిపోతే విసుగుకోత అక్కడే, కత్తి పట్టుకుని కూర్చుని ఉంది.

కాసులమ్మ ఆమె పక్కకు వచ్చి నిలబడింది. ఆమెది రేవు కాదు, కొండకింద ఊరు. సముద్రంలో కాలు పెట్టి ఎరగదు.

"మీ పద్ధతులు నాకు తెల్దు," అంది, తుడుపు కర్రను తలకిందులుగా తిప్పి పట్టుకుంటూ. "ఎలా కొట్టాలే?"

"ఒకటి," అంది నూకరత్నం. "ఆగి, రెండు."